పులి దుప్పటి, అంజన్న మొక్కు

మొర్రిపల్లెకు కాపురానికొచ్చిన కోడలికి ఇరుగుపొరుగు అలవాటు కావడానికి నెల పడితే, కోతులు అలవాటు కావడానికి ఒక్క పూట చాలు. ఆరేసిన మిరపకాయలు వదిలేసి పక్కనున్న అప్పడాలే ఏరుకుపోతాయి. తలుపు దగ్గరికి వేసి గడియ మరిచిపోతే అన్నం గిన్నె ఇంటి కప్పు మీద దొరుకుతుంది. లక్సెట్టిపేట నుంచి ఆటో దిగినవాళ్ల చేతిలో కవరు కనబడితే, అందులో ఏముందని అడిగే మర్యాద కూడా వాటికి లేదు. వాటిని చూస్తే ఊరంతా కట్టె అందుకుంటుంది. ఒక్క కొమురవ్వ మాత్రం గంప అందుకుంటుంది.

శనివారం వచ్చిందంటే పొద్దున్నే తలస్నానం చేసి, నానబెట్టిన శనగలు, మక్కలు అంటే మొక్కజొన్నలు, నాలుగు అరటిపండ్లు గంపలో వేసుకుని కాలువ వంతెన దగ్గరికి బయల్దేరుతుంది. కోతులు అప్పటికే వంతెన గోడ మీద వరుసగా కూర్చుని ఉంటాయి, పింఛను కోసం కూర్చున్న ముసలివాళ్లలా. వాటిలో కుడిచెవి చిరిగిన గండుకోతి ఒకటి ఉంది. అది ముట్టుకున్నాకే మిగతావి ముట్టుకుంటాయి. అందుకే దానికి కొమురవ్వ పటేల్ అని పేరు పెట్టింది. పటేల్ కింద పడ్డవి ఏరుకోదు. ఆమె అరచేతిలోంచే తింటుంది.

ఇదేదో వట్టి జాలి అనుకుంటే పొరపాటే. ఇది మొక్కు. దాని వెనక ఆమె బతుకంతా ఉంది.

భర్త పోయేనాటికి కొడుకు ఇంకా గోడ పట్టుకుని నడక నేర్చుకుంటున్నాడు. అప్పటికి కొమురవ్వకు వచ్చిన పని ఒక్కటే, బీడీలు చేయడం. ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టి, ఆ చాట మీదనే కొడుకును పెంచింది. కొండగట్టు అంజన్న పేరే పెట్టుకుంది వాడికి, హనుమండ్లు అని. ఆ ఊళ్లో మగపిల్లలకు మీసం, పాస్‌పోర్టు దాదాపు ఒకేసారి వస్తాయి. హనుమండ్లు కూడా మస్కట్ పోయాడు. బలదియా పని. అంటే ఆ దేశపు రోడ్లు ఊడ్చి శుభ్రం చేసే పని. కొన్నేళ్లు బాగానే గడిచింది. పెండ్లికి వచ్చి జమునను చేసుకుని మళ్లీ వెళ్లాడు. తర్వాత ఒక ఎండాకాలంలో ఫోన్లు ఆగిపోయాయి. కఫీల్, అంటే అక్కడి యజమాని, పాస్‌పోర్టు గుంజుకుని ఎక్కడో ఎడారిలో మేకల దగ్గర పెట్టాడని వాళ్లవీళ్ల నోట తెలిసింది. ఎవరిని అడిగినా చూద్దాం అన్నవాళ్లే. కొమురవ్వ బస్సెక్కి కొండగట్టు పోయింది. మెట్ల మీద కూర్చుని దేవుడితో ముఖాముఖి మాట్లాడింది.

"అంజన్నా, నా కొడుకు మల్ల నా గడపల అడుగు పెట్టి నా ఇంట్ల ఉంటే సాలు. నా పాణమున్నన్నొద్దులు శనివారం శనివారం నీ మంద కడుపు నింపుత."

వానలు మొదలయ్యాక, ఎంబసీ ఇచ్చిన కాగితాలతో హనుమండ్లు వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. సంచిలో రెండు జతల బట్టలు, ఒక మందపాటి దుప్పటి. గల్ఫ్ పోయొచ్చినవాళ్ల ప్రతి ఇంట్లో ఉండేదే ఆ దుప్పటి, మధ్యలో నోరు తెరిచిన పెద్దపులి బొమ్మ. అది తెచ్చి తల్లి మంచం మీద పరిచాడు.

"మల్ల పోతవా కొడుకా?" అని అడిగింది కొమురవ్వ.

"మస్కట్ ఖల్లివల్లి అవ్వా," అన్నాడు.

పీడ పాయె, వదిలెయ్ అని దాని అర్థం. గల్ఫ్ నుంచి దుప్పట్లతో పాటు ఊళ్లోకి దిగిన మాట అది. కొమురవ్వకు ఆ మాట అంజన్న నోటి మాటలా వినిపించింది. ఆ శనివారం నుంచే గంప ఎత్తుకుంది.

వచ్చినవాడు ఉండాలంటే బతుకు కావాలి కదా. కాలువ కింద తండ్రి నాటి చెలక, మెట్టనేల, ఎకరమంత ఉంది. ఊరంతా వరి వేస్తుంటే హనుమండ్లు కూరగాయలు, మక్క వేస్తానన్నాడు. ఒకప్పుడు మొర్రిపల్లెలో పల్లి, పెసర, అనుము, బెండ, బీర అన్నీ పండేవి. గుట్ట మీద చెట్లు పలచబడ్డాక కోతులు కిందికి దిగాయి. దిగినవి ఎక్కలేదు. ఒక్కో ఏడు ఒక్కో పంటను రైతులు మానుకున్నారు. చివరికి మిగిలింది వరి, పత్తి. రైతుల ఊళ్లో కూరగాయలు లక్సెట్టిపేట అంగడి నుంచి ఆటోలో వస్తున్నాయి.

"కొనేటోళ్లే ఉన్నరు గని అమ్మేటోడు ఒక్కడు లేడు. అమ్మేటోణ్ని నేనైత," అన్నాడు హనుమండ్లు.

ఇంటి పక్కన ఉండే రామవ్వ, కొమురవ్వతో కలిసి బీడీలు చేసే మనిషి, చాటలోంచి తల ఎత్తకుండానే అంది. "మంచిదే బిడ్డా. మరి కోతులకు కార్డులు పంచినవా? పిలువకుంట పెండ్లి చేస్తే అలుగుతయ్."

కార్డుల అవసరం లేకపోయింది. మొదటి యాసంగిలో, అంటే చలికాలపు పంటకు, పల్లికాయ వేశాడు. ఊడలు దిగి కాయ పట్టింది. ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చి వెళ్లేసరికి చేను పంక్తి భోజనాలు లేచిపోయిన పందిరిలా ఉంది. మొక్కలు పీకి, కాయలు ఒలిచి, పొట్టు కుప్పలు పోసి పోయాయి. హనుమండ్లు గట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. రాయి విసరడానికి కూడా చేయి రాలేదు. పెట్టుకున్న పేరు హనుమంతుడిదాయె మరి.

వానకాలంలో మళ్లీ గుండె గట్టి చేసుకున్నాడు. ఈసారి మక్క, గట్ల వెంట బెండ, బీర. మంద కనిపించగానే తల్లి మంచం మీది దుప్పటి పట్టుకుపోయి చేను మధ్యలో రెండు కట్టెలకు కట్టాడు. గాలికి పులి ముఖం ఊగుతుంటే దారినపోయే కుక్కలు మొరిగాయి. కోతులు గట్టు దాటలేదు. ఊరు ఊరంతా వచ్చి చూసింది. హనుమండ్లు చేయి మీసం మీదికి పోయింది.

వారం తిరక్కముందే పటేల్ మెల్లగా వచ్చాడు. పులి ముందు కూర్చున్నాడు. దాని ముక్కు మీద ఒక దెబ్బ వేసి వెనక్కి దూకాడు. పులి ఏమీ అనలేదు. ఆ తర్వాత పటేల్ పులి నెత్తి మీద కట్టె ఎక్కి కూర్చుని తీరికగా పేలు చూపించుకున్నాడు.

"మస్కట్ పులి గదరా," అంది రామవ్వ. "మన కోతులకు దాని భాష తెల్వది."

అప్పుడే మంచిర్యాల నుంచి ఏజెంటు ఫోన్ చేశాడు. వీసా ఉంది, దసరాలోపు విమానం ఎక్కాలి, మాట చెప్పాలి అన్నాడు. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని హనుమండ్లు తల్లి ముఖంలోకి చూడకుండా అన్నాడు. "కంకి పాలు పోసుకుంటున్నది అవ్వా. ఇగ మంద దిగేది ఇప్పుడే. గీ మక్క దక్కితే ఉంట. దక్కకపోతే పోత. ఇంట్ల కూసుండి మీ బీడీల మీద ఎన్నొద్దులు బతుకుత?"

"బీడీల మీదనే పెరిగినవ్ గదరా," అంది కొమురవ్వ.

"అప్పుడు నెలంత పని ఉండె. ఇప్పుడు కార్ఖానోళ్లు సగం నెల గుడ ఇస్తలేరాయె."

అది నిజమే.

మర్నాడు అత్తాకోడళ్లు తునికాకు తడుపుతున్నారు. జమున నెమ్మదిగా మొదలుపెట్టింది. "అత్తా, ఒక్క మాటంట. కోపానికి రాకు."

"అను."

"నువ్వు శనివారం గంప దించేది వంతెన కాడ. వంతెన కాణ్నుంచి మన చేను కేకేస్తే ఇనవడేంత దూరం. కడుపు నిండ తిన్నంక అవి గుట్టకు పోతయా, ఆడనే ఉంటయా? వారమంత గంప కోసం ఎదురుచూసుకుంట మన మక్కల మీదనే గదా పడేది?"

కొమురవ్వ చేతిలోని ఆకు చాటలో పడింది. "మొక్కు మానుమంటున్నవా? మొక్కు తప్పితే ఏమైతదో ఎర్కేనా నీకు?"

"ఎర్కే అత్తా. ఆయన మల్ల పోతే ఏమైతదో గది గుడ ఎర్కే."

కొమురవ్వ చెంగు దులుపుకుని లేచింది. కోపంతోనే చేనుకు నడిచింది. నడుస్తున్నంతసేపూ కోడలిని తిట్టుకుంది. చేను గట్టెక్కేసరికి తిట్లు ఆగిపోయాయి. పటేల్ మక్క చెట్టు వంచి కంకి విరిచి, పొత్తి ఒలుస్తున్నాడు. ఆమెను చూశాడు. మనిషిని చూస్తే పారిపోవాలి కదా, పారిపోలేదు. కంకి కింద పడేసి, ఆమె దగ్గరికి వచ్చి అరచేయి చాపాడు.

కొమురవ్వకు అప్పుడు తెలిసింది. కొడుకు రావాలని మొక్కిన మొక్కే కొడుకును మళ్లీ వెళ్లగొడుతోంది. వీటిని ఈ దారికి తెచ్చింది తన గంపే.

ఇంటికొచ్చి వాకిట్లో రామవ్వ పక్కన చాట ముందు కూర్చుంది. బీడీలు ఆమె వేళ్లలోంచి వాటంతట అవే పుట్టుకొస్తున్నాయి. మనసు మాత్రం కొండగట్టు మెట్ల మీద ఉంది. ఆ రోజు తను అన్న మాటను ఒక్కొక్కటిగా విప్పి చూసుకుంది, చీరలో ముడి వేసిన మొక్కు బియ్యం విప్పినట్టు. నా కొడుకు నా ఇంట్ల ఉంటే అంది. అంటే కొడుకు పోతే మొక్కే చెడుతుంది. మొక్కు నిలవాలంటే కొడుకు నిలవాలి. కొడుకు నిలవాలంటే మక్క నిలవాలి. ఇంకా ఏమంది? నీ మంద కడుపు నింపుత అంది. కడుపు నింపుతానన్నది గానీ...

కొమురవ్వ ఫక్కున నవ్వింది.

"ఏందే, ఒక్కదానివే నవ్వుతున్నవ్?" అంది రామవ్వ. "తంబాకు తలకెక్కిందా?"

"కడుపు నింపుత అన్ననే. యాడ నింపుతనో అనలే!"

"ఆఁ?"

"గుట్ట మీద నింపుత. అవి పుట్టిన జాగ అదేనాయె. గంప ఆడికి పోతే మంద ఆడికి పోతది."

రామవ్వ తల ఎత్తింది. "శనివారం సరే. కడమ దినాలు? అవి కేలండర్ చూస్తయా?"

కొమురవ్వ రామవ్వ చేతుల వైపు చూసింది. రామవ్వ వేళ్లు ఆకు చుడుతున్నాయి, దారం కడుతున్నాయి. కళ్లు మాత్రం వీధిలో ఉన్నాయి. బీడీలు చేసే ఆడవాళ్లకు చేతులు చూసుకునే పని లేదు. అందుకే ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరి బర్రె ఎవరి చేలో పడిందో ఊరికంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.

"రామీ, మన చేతులకు పనున్నది గని మన కండ్లు ఉత్తగనే ఉన్నయ్ గదనే."

"అయితే?"

"చేనుకాడ కూసుండి చేద్దాం బీడీలు."

"నీకేమన్న పిచ్చా? ఎండల ఆకు ఎండిపోదా? ఎండినాకు చుడితే పటుక్కున పలుగుతది."

"నీడేస్తం. ఆకు మీద తడి గోనె కప్పుతం. కూసున్నోళ్లు పొద్దుగూకి ఇంటికి పోయేటప్పుడు ఆ పూట కూర తెంపుకొని పోవచ్చు. బెండ అయితే బెండ, బీర అయితే బీర."

అంగడి కూర తినీ తినీ విసిగిన ఊరు అది. రామవ్వ దారం కొరికి తెంపింది. "లేత బెండకాయే తెంపుకుంట. ముదిరింది నేను ముట్ట. ముందే చెప్తున్న."

హనుమండ్లు ఒప్పుకోవడానికి తడబడ్డాడు. "ఆడోళ్లందరు మన చేనుకాడ కూసుంటే ఊరోళ్లేమంటరు అవ్వా?"

"ఏమంటరు? కోతులు భయపడ్తున్నయంటరు."

మర్నాడే నాలుగు గుంజలు పాతారు. నీడకు ఏం కప్పాలని చూస్తే చేలో పనికిమాలి వేలాడుతున్న పులి కనిపించింది. దుప్పటి పైకప్పయింది. దాని కింద వీధిలోని ఆడవాళ్లు చాటలు వేసుకుని నలుదిక్కులా ముఖాలు పెట్టి కూర్చున్నారు. పక్కన పాత స్టీలు పళ్లాలు. ముచ్చట్లు మాత్రం ఆగలేదు. ఎవరి కోడలి గురించి మాట్లాడుతున్నా సరే, గట్టు మీద తోక కదిలితే మాట సగంలో ఆగి పళ్లెం మోగేది.

ఇక శనివారం వచ్చింది.

కోతులు ఎప్పటిలా వంతెన గోడ మీద వరుస కట్టాయి. కొమురవ్వ గంప ఎత్తుకుని వచ్చింది. దించలేదు. వాటి ముందు నుంచే నడుచుకుంటూ పోయింది. పటేల్ అయోమయంగా చూసి గోడ దిగాడు. ఆమె వెనకే నడిచాడు. అతని వెనక మంద, పొట్టకు పిల్లల్ని హత్తుకున్న తల్లికోతులతో సహా.

కాలువ గట్టు మీద కొంత దూరం పోయాక దారి రెండుగా చీలుతుంది. ఎడమకు హనుమండ్లు చేను, కుడికి గుట్ట. గాలి చేను వైపు నుంచి వీస్తోంది. పాలకంకి వాసన. మంద ఆగిపోయింది. కుర్రకోతులు కొన్ని ఎడమకు దూకాయి. అంతే, పులి కింద నుంచి పళ్లాలు మోగాయి. రామవ్వ గొంతు ఎత్తింది. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదని ఊళ్లో అందరికీ తెలుసు, ఆ పూట కోతులకూ తెలిసింది. దూకినవి దూకినట్టే వెనక్కి వచ్చాయి.

హనుమండ్లు చేలో నిలబడి చూస్తున్నాడు. పటేల్ మధ్యలో కూర్చుని అటు చూశాడు, ఇటు చూశాడు. ఆయన ఎటు పోతే మంద అటు. కొమురవ్వ గంపలోంచి ఒక అరటిపండు తీసి చూపించింది.

"రా పటేలా. కొత్త జాగకు గాదు, నీ ఇంటికే పోదాం. నీ ఇంటికి నువ్వు, నా కొడుకు ఇంటికి నా కొడుకు. రా."

పటేల్ గోక్కున్నాడు. ఆవలించాడు. చివరికి లేచి కుడికి తిరిగాడు.

చూడాలి ఆ ఊరేగింపు! ముందు నెత్తిన గంపతో ముసలమ్మ, వెనక తోకలెత్తిన మంద. మిద్దెల మీదకెక్కి చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారు. మంచిర్యాలలో వ్యాపారం, ఊళ్లో భూములు ఉన్న లక్ష్మణ్‌రావు అప్పుడే కారులో వస్తూ, అడ్డంగా మంద దాటుతుంటే బ్రేకు వేశాడు. అద్దం దించి అడిగాడు. "ఏందిది కొమురవ్వా?"

"సాగనంపుతున్న దొరా," అంది ఆమె ఆగకుండానే. "ఆడపిల్లలు గాదు గని, జర ఏడుపొస్తున్నది."

గుట్ట మీద మేడిచెట్టు కింద, బండల గుంటల్లో వాననీళ్లు ఉన్నచోట గంప దించింది. పటేల్ ఆమె అరచేతిలోంచి తిన్నాడు. మంద కడుపు నిండింది. కొమురవ్వ మోకాళ్లు పట్టుకుని బండ మీద కూర్చుని కొండగట్టు ఉన్న దిక్కుకు తిరిగి దండం పెట్టింది.

"సూసినవా, తప్పలే," అంది దేవుడితో.

ఒక్క శనివారంతో అంతా తేలిపోయిందంటే అబద్ధం. సోమవారమే మంద మళ్లీ దిగింది. పళ్లాలు మోగాయి, మళ్లీ పోయింది. ఒకనాడు వాన పడి ఆడవాళ్లు రానప్పుడు ఒక మూల బీరపాదులన్నీ పీకిపెట్టింది. రామవ్వ ఆ మూల చూసి తన ఇంట్లోనే దొంగలు పడ్డట్టు తిట్టింది. కానీ వారాలు గడిచేకొద్దీ వంతెన గోడ ఖాళీ అయింది. గంప ఎక్కడుందో మందకు తెలిసింది, పళ్లాలు ఎక్కడున్నాయో కూడా తెలిసింది. మక్క ముదురుతుంటే కొమురవ్వ గుట్ట వైపు అంచు సాలు ఒకటి కోయొద్దని చెప్పింది. "అది అంజన్నది. దారి తప్పి వచ్చినోడు అన్న ఆకలితోని పోవద్దు." హనుమండ్లు నవ్వి సరేనన్నాడు.

పచ్చికంకులు కోసి మోటారు సైకిలుకు రెండువైపులా కట్టుకుని లక్సెట్టిపేట అంగడికి పోయాడు. మధ్యాహ్నానికే ఖాళీ సంచులతో, మిర్చి బజ్జీల పొట్లంతో తిరిగొచ్చాడు. కావాలనే బండి ఆటోస్టాండు దగ్గర ఆపి, పొట్లం చేతిలో పట్టుకుని ఇంటిదాకా తీరిగ్గా నడిచి వచ్చాడు. ఎవరూ గుంజుకోలేదు. అది చూసి జమున వాకిట్లోనే నవ్వేసింది.

మరుసటి వారం లక్ష్మణ్‌రావు చేనుగట్టు దగ్గర ఆగాడు. పులి నీడ కింద చాటలను కాసేపు చూశాడు. "మా చెలకల మల్ల పెసర్లెయ్యాలని ఉన్నది. మా కాడ గుడ కూసుంటరా?"

కొమురవ్వ నోరు తెరిచేలోపే రామవ్వ అందుకుంది. "కూసుంటం దొరా. గని కూర సంగతి, నీడ సంగతి ముందే మాట్లాడుకోవాలె. మీ ఇంట్ల పులి దుప్పటి ఉన్నదా?"

"మా ఇంట్ల ఎవరు పోయిన్రు గల్ఫ్‌కు?"

"అయితే సింహానిదన్న కొనుర్రి."

ఆ నవ్వుల మధ్యనే ఫోన్ మోగింది. హనుమండ్లు బెండ సాళ్లలో ఉన్నాడు, చేతుల నిండా మట్టి. ఏజెంటు పేరు చూసి, ఫోన్ తల్లి చేతికిచ్చాడు.

"హనుమండ్లు యాడున్నడు అవ్వా? దసరా దగ్గరికొచ్చింది. ఏ సంగతి చెప్పకపాయె."

"ఆడు రాడు బిడ్డా."

"మంచి కంపెనీ అవ్వా. ఎందుకు రాడు?"

"మొక్కున్నది."

"మొక్కు తీరినంకనే రానియ్యి. ఎన్నొద్దుల మొక్కు?"

"నా పాణమున్నన్నొద్దులు."

 ఏజెంటు మర్యాదగానే అడిగాడు. "గట్లనా... ఇప్పుడు నీకెన్నేండ్లుంటయి అవ్వా?"

"మా అవ్వ తొంబై దాటి పోయింది," అంది కొమురవ్వ. "వీసా ఇంకొకలకియ్యి. ఖల్లివల్లి."

ఫోన్ కొడుకు చేతికిచ్చి, చాట ఒళ్లోకి లాక్కుంది. వేళ్లు ఆకు అందుకున్నాయి. కళ్లు గట్టు మీదికి పోయాయి.